సెంటీమీటరుకింత, క్లిక్కుకింత

రాతకు కూలి ఆశించవచ్చా అని జనగామ జిల్లాలో ఎవరైనా అడిగితే పెద్దలు వెంటనే బమ్మెర పేరెత్తుతారు. పాలకుర్తి మండలంలోని ఆ ఊళ్లో పోతన నాగలి పట్టి బతికాడని, భాగవతాన్ని ఏ రాజుకూ అమ్ముకోలేదని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథంటే నాకు గౌరవం. కానీ ఆ కథనే అడ్డం పెట్టుకుని, రాసిన పిల్లల పైసలు ఎగ్గొట్టినవాళ్లనూ చూశాను. పోతనకు దున్నుకోవడానికి పొలం ఉంది. జనగామలో అద్దె గదిలో ఉండి, డిగ్రీ చదువుకుంటూ రాత్రిపూట ఫోన్‌లో వ్యాసాలు కొట్టే అమ్మాయికి అది లేదు.

ఇదే జిల్లాలో, లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చారు. ఒగ్గుకథను నడుమ ఆపి సదివింపులు చదవడం మన ఊళ్లలో అందరూ చూసిందే. పది రూపాయలిచ్చినా పేరు, ఊరు చెప్పి దీవిస్తారు. అందులో ఇచ్చేవాళ్లకూ నామోషీ లేదు, తీసుకునేవాళ్లకూ లేదు. అందుకే చిన్న చిన్న మొత్తాలకు రాసేవాళ్లను చిన్నచూపు చూడటం నావల్ల కాదు. డబ్బు తక్కువన్నది ఒక బాధే. అంతకంటే పెద్ద బాధ కొలతతో. రాతను దేంతో కొలిచి డబ్బులిస్తారో, కొన్నాళ్లకు రాత ఆ కొలతకు తగ్గట్టే తయారవుతుంది.

నేను రాయడం నేర్చుకున్నది మండల విలేకరిగా. అప్పుడు వరంగల్ అంతా ఒకటే జిల్లా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలయ్యాయి. వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పైన పత్రిక పేరు పెద్దక్షరాలతో రాసి, హన్మకొండ పోయే బస్సులో ఇచ్చేవాళ్లం. భూపాలపల్లి కవర్లు పరకాల మీదుగా వచ్చేవి, మానుకోటవి, అంటే మహబూబాబాద్‌వి, రైల్లో. నెలాఖరున లైన్ అకౌంట్ పంపాలి. నెలంతా అచ్చయిన మన ఐటెంలు కత్తిరించి, తేదీల వారీగా కాగితాలకు అంటించి, ఒక్కోదాని పక్కన స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాయాలి. జిగురు అయిపోతే అన్నం మెతుకులే జిగురు. హెడ్డింగు కొలతలోకి వస్తుందా రాదా అని డెస్కుతో ప్రతినెలా పేచీ. చేతికొచ్చింది టీలకు, పెట్రోలుకు సరిపోతే అదే పదివేలు.

ఈ ఏర్పాటు వెనక పెద్ద మార్పే ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దాంతో మండలానికో విలేకరి అవసరమయ్యాడు, మన ఊరి పేరు అచ్చులో చూసుకునే అలవాటు జనానికి వచ్చింది. కాలువ గండి, బడికి పంతులు రాకపోవడం, బోరింగు పాడైపోవడం, ఇవన్నీ వార్తలయ్యాయి. అది చిన్న సంగతి కాదు. రాజధాని పత్రికలు ఎన్నడూ పట్టించుకోని జనం గురించి, సెంటీమీటరు లెక్కన కూలి తీసుకునే మనుషులు రాశారు.

అయితే సెంటీమీటరు తన పని తాను చేసింది. ఏ మండల వార్త చివర చూసినా ఒక వాక్యం ఉంటుంది: ఈ కార్యక్రమంలో సర్పంచ్, ఎంపీటీసీ, ఉప సర్పంచ్, వార్డు సభ్యులు, ఫలానా ఫలానా తదితరులు పాల్గొన్నారు. పన్నెండు పేర్లు పడితే రెండు మూడు సెంటీమీటర్లు. పేరు పడ్డ పన్నెండుమందీ పత్రిక కొంటారు, మర్నాడు ఎదురైతే టీ తాగిస్తారు. సమావేశంలో ఏం తేలిందో రాయడానికి అడిగి తెలుసుకోవాలి, పేర్లకు ఆ శ్రమ ఉండదు. కొలతలో రెండింటికీ ఒకే విలువ. అలా ఆ వాక్యం మన వార్తా రచనలో పాతుకుపోయింది. ఇప్పుడు సెంటీమీటర్లతో నిమిత్తం లేని వెబ్‌సైట్లలోనూ అదే వాక్యం అలాగే నడుస్తోంది.

ఇంటర్నెట్ మొదట్లో మనకు కూలి అన్న మాటే లేకుండా వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో గానీ, ఆ తర్వాత వెల్లువెత్తిన తెలుగు బ్లాగుల్లో గానీ రాసినవాళ్లంతా భాష మీది ప్రేమతోనే రాశారు. తెలుగు పేజీల మీద ప్రకటనలు పెట్టుకుని డబ్బు సంపాదించే మార్గం అప్పటికి సరిగా లేదు. గూగుల్ యాడ్‌సెన్స్ హిందీని 2014లో చేర్చుకుంది, తెలుగు వంతు 2018లో వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజుల్లో నాకు ఫోన్ చేయని విలేకరి లేడు. "అన్నా, మన తెలుగుకు గూగుల్ పైసలిస్తదట, నిజమేనా?"

నిజమే. దాని పద్ధతి దానికుంది. ఖాతాలో పది డాలర్లు జమకాగానే గూగుల్ మన ఇంటి చిరునామాకు మామూలు పోస్టులో ఒక కార్డు పంపుతుంది. అందులో ఉన్న ఆరంకెల పిన్ ఎక్కిస్తేనే ఖాతా ఖాయమవుతుంది. వంద డాలర్లు నిండితేనే సొమ్ము బ్యాంకులో పడుతుంది. కేసముద్రం దగ్గరి ఒక తండా కుర్రాడు ఆ కార్డు కోసం పడ్డ యాతన దగ్గరుండి చూశాను. తండాలో ఇంటి నంబరుతో ఉత్తరాలు వెతుక్కుంటూ వచ్చే అలవాటు లేదు, పేరు చెబితే చాలు. గూగుల్‌కు పేరు చాలదాయె. రెండోసారి పంపించుకుంటే వచ్చింది. మూడు పక్కలా చిల్లుల గీతలున్న పల్చటి కార్డు. ఆ అంచులు చింపి విప్పితే లోపల ఆరంకెలు. తండాలో ఉండి రాసిన తెలుగుకు సముద్రాల అవతలి నుంచి వచ్చిన రసీదు అది. వాళ్ల నాన్న దాన్ని ఆధార్ కార్డు పక్కన దాచారు. ఆ పని సబబేనని నాకు అనిపించింది.

ఆ కుర్రాడు రాసేది మిర్చి ధరలు. ఇక్కడే కొలత సంగతి తేటగా కనబడుతుంది. ఖమ్మం గానీ వరంగల్ ఎనుమాముల గానీ, యార్డులో కొనుగోళ్లు మొదలయ్యేటప్పుడు జెండా పాట అని ఒకటుంటుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దానికి వ్యాపారులు పాడే ధర అది. మిగతా బస్తాలకు రంగు, తేమ, తాలు కాయ చూసి అంతకంటే తగ్గించే ఇస్తారు. ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసిన కాయ, దానికి వేరే ధర. తేజ రకానికి ఒకటి, వండర్ హాట్ రకానికి ఒకటి. హైదరాబాదులో కూర్చుని రాసే వెబ్‌సైటు ఏం చేస్తుంది? జెండా పాట ఒక్కటే పట్టుకుని, మిర్చికి రికార్డు ధర అని హెడ్డింగు పెడుతుంది. క్లిక్కులు పడతాయి. దాన్ని ఫోన్‌లో చూసిన డోర్నకల్ రైతు అప్పటికప్పుడు ఆటో ట్రాలీ మాట్లాడుకుని బస్తాలు వేసుకుని పోతాడు. అక్కడ తన కాయకు క్వింటాలుకు వేలల్లో తక్కువ చెబితే, ఎక్కిన బస్తాలు మళ్లీ దించుకుని రాలేక ఆ ధరకే ఇచ్చి వస్తాడు.

తండా కుర్రాడు యార్డుకు పోయి రాస్తాడు. జెండా పాట ఎంత, ఎక్కువ బస్తాలు ఏ ధరకు పోయాయి, తాలు ఎంతకు పోయింది, తూకం ఎన్నింటికి మొదలైంది. అతని పేజీని చూసేది కొద్దిమంది. చూసినవాళ్లు మళ్లీ చూస్తారు, ఎందుకంటే ఆ అంకె మీద వాళ్ల ఏడాది కష్టం ఆధారపడి ఉంది. కానీ క్లిక్కుల లెక్కలో రికార్డు ధర హెడ్డింగుదే గెలుపు. అబద్ధం రాసినవాడికి డాలర్లు, నిజం కోసం బస్సెక్కినవాడికి సెంట్లు. ఇది నాకు కోపం తెప్పించే సంగతి. ఆ కోపం దాచుకోవాలని నాకు లేదు.

భూపాలపల్లిలో ఇలాంటిదే ఇంకోటి. ఏటా దసరా ముందు సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ఎంతో ప్రభుత్వం ప్రకటిస్తుంది. కాకతీయ గనుల ఊరు కాబట్టి ఆ వార్త కోసం ఇంటింటా ఎదురుచూస్తారు. 2024 సెప్టెంబరులో 33 శాతం ప్రకటించారు, 796 కోట్లు. కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలని వెబ్‌సైట్లన్నీ మోగించాయి. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా ఐదు వేలు ఇస్తున్నట్టు ఉంది. చాలాచోట్ల అది ఆఖరు పేరాలో ఒక్క వాక్యం. భూపాలపల్లిలో ఒకే వీధిలో పర్మినెంటు ఇల్లూ కాంట్రాక్టు ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. రెండు ఇళ్లకూ ఒకే బొగ్గు మసి. ఆ వీధిలో ఉండేవాడికి అసలు వార్త ఆ ఆఖరు వాక్యమేనని ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడుండి రాసేవాడికి కూలి గిట్టుబాటైతే అది మొదటి వాక్యం అవుతుంది.

2024 సెప్టెంబరు 1న వరద వచ్చి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. కింద మట్టి పోయి పట్టాలు గాల్లో వేలాడిన ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. అలాంటి రోజుల్లో ముందు కదిలేది దగ్గరున్నవాడే, నీళ్లలో నడిచి పోయేదీ వాడే. నీళ్లు తీశాక వాడి లెక్కలో పడేది మళ్లీ ఐటెంకింత.

ఈ కూలి ఎంతో కూడా చెప్పాలి. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఐటెంకింత లెక్కన వార్తా యాప్‌లకు, వెబ్‌సైట్లకు రాసే మా పిల్లల్లో చాలామందికి రోజంతా తిరిగినా అంత రాదు. మరి బతికేది ఎట్లా? ఇక్కడ మొదలవుతుంది అసలు చెరుపు. జనవరి 26కో, ఆగస్టు 15కో, ఎమ్మెల్యే పుట్టినరోజుకో ప్రకటనలు తెమ్మంటారు. తెస్తే కమీషన్. సర్పంచ్ దగ్గర, కాంట్రాక్టర్ దగ్గర, ప్రైవేటు బడి యజమాని దగ్గర చేయి చాచినవాడు మర్నాడు ఆ కాంట్రాక్టర్ పోసిన సీసీ రోడ్డు పగిలిందని ఎట్లా రాస్తాడు? రాతకు ఇవ్వాల్సిన కూలి ఎగ్గొట్టి, ఆ కూలిని ఊరి మీద వసూలు చేసుకోమనడం ఇది. ఊరు అందుకు చెల్లించేది పగిలిన రోడ్డుతో.

ఇంకా కింద ఇంకో మెట్టుంది. ఐడీ కార్డు, లోగో ఇస్తాం, ముందు ఇంత కట్టమనే వెబ్ చానెళ్లు. ఇంట్లో కూర్చుని వ్యాసాలు రాయండి, నెలకు ఇరవై వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం పంపండని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు. రాయడానికి ఎదురు డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే, అది పని ఇవ్వడం కాదు. కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే వీలు అంత ఎక్కువ.

కొన్నేళ్ల కింద మరో రకం పని దొరికేది. జామకాయ తింటే కలిగే లాభాలు, ఈ రోజు బంగారం ధర, ఏ రాశికి ఏ రంగు. మాటకు ఇన్ని పైసలని ఇచ్చేవాళ్లు. జనగామ గదుల్లో ఆడపిల్లలు ఆ డబ్బుతో పరీక్ష ఫీజులు కట్టుకున్నారు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పని మా కళ్లముందే పల్చబడిపోయింది. ఎక్కడి నుంచైనా ఎవరైనా రాయగలిగింది కాబట్టి యంత్రమూ రాసేసింది. వాళ్లలో కొందరు ప్రతిలిపిలో ధారావాహికలు రాసుకుంటున్నారు. పాఠకులు నచ్చితే స్టిక్కర్లతో నాణేలిస్తారు. సదివింపులకు దగ్గరగా ఉన్న పద్ధతి కాబట్టి నాకది ఇష్టం. ఒకమ్మాయి కథలో మానుకోట స్టేషన్ దగ్గరి హాస్టల్ జీవితం ఉంది. అది ఆమె తప్ప ఇంకెవరూ రాయలేరు.

ఎనుమాముల జెండా పాట తర్వాతి ధర, గని ముందు కాంట్రాక్టు కార్మికుడి లెక్క, పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పనిచేసే చేతుల సంగతి, వీటికి మనిషి అక్కడ నిలబడాల్సిందే. రాస్తామని నా దగ్గరికొచ్చే పిల్లలను మీకు నడిచి పోగలిగేంత దూరంలో ఏముందో అదే రాయమంటాను. ఒప్పుకునే ముందు ఐటెంకు ఎంత, ఏ తేదీన, తిప్పిపంపితే ఏం చేస్తారు, ఈ మూడూ వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకొమ్మంటాను. సంస్థలను అడిగేది కూడా పెద్దదేం కాదు. క్లిక్కుల లెక్క మీరు చూసుకోండి. విలేకరికి మాత్రం యార్డుకు పోయి వచ్చిన పూటను కొలవండి. డోర్నకల్ నుంచి ఖమ్మానికి, భూపాలపల్లి నుంచి హన్మకొండకు రానూపోనూ బస్సు ఛార్జీ, ఒక పూట కూలి ముందు కట్టి, ఆ తర్వాత ఐటెం ధర మాట్లాడండి.