ఉడుము జాడ తెలిసినవాళ్లు

పాములు, బల్లులు పెంచాలన్న ముచ్చట ఇప్పుడు మన పట్టణాల కుర్రాళ్లకూ పట్టుకుంది. విదేశీ వీడియోల్లో నిలువెత్తు ఉడుమును భుజాన వేసుకుని తిరిగేవాళ్లను చూసి, మొదటి పెంపకానికి అదే తెచ్చుకుంటే పోలేదా అనుకునేవాళ్లున్నారు. పెంచకూడదనే నా జవాబు. ఎందుకో తెలియాలంటే కార్వేటినగరం వైపు యానాది గిరిజనుల దగ్గరున్న విద్యను ముందు తెలుసుకోవాలి.

చిత్తూరు జిల్లా గుట్టల్లో, మామిడి తోపుల్లో, చెరువు కట్టల్లో ఉడుము మనిషి పక్కనే బతుకుతుంది. అయినా మన కంటపడేది తక్కువ. యానాది పెద్దలు మాత్రం దాన్ని చూడకుండానే అది ఎటు పోయిందో చెప్పగలరు. వాళ్లు నేలను చదువుతారు. ఉడుము నడిచిన దుమ్ములో తోక ఈడ్చిన గీత మెలికలు తిరుగుతూ సాగుతుంది. ఆ గీతకు అటూ ఇటూ గోళ్లు దిగిన గుర్తులుంటాయి. గుర్తుల అంచులు పదునుగా ఉంటే జాడ కొత్తది. గాలికి అంచులు రాలి, మీదుగా చీమలు బారు కట్టి ఉంటే పాతది. కలుగు నోటికి సాలెగూడు చెదరకుండా ఉంటే ఈ మధ్య లోపలికి ఏదీ దూరలేదని అర్థం. రెట్టను పుల్లతో విడదీస్తే పెంకు పురుగుల రెక్కలు బయటపడతాయి, అది ఏ పక్క మేసిందో తెలుస్తుంది. పొద్దెక్కాక ఏ బండ మీద ఎండ కాచుకుంటుందో, ఎండ ముదిరితే ఏ నీడకు చేరుతుందో కూడా వాళ్లకు తెలుసు.

ఒకప్పుడు ఈ విద్య కడుపు నింపేది. ఉడుము మాంసం వాళ్ల తిండిలో భాగంగా ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఉడుమును పట్టడం నేరం. అంతమాత్రాన ఆ విద్యకు విలువ పోలేదు. పక్కనే తమిళనాడులో ఇరుళ గిరిజనులు ఆ సంగతి రుజువు చేశారు. పాముతోళ్ల వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు పోయిన ఆ పాములు పట్టేవాళ్లు 1978లో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో సహకార సంఘం పెట్టుకున్నారు. అదే జాడ చూసే కన్నుతో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరిని పట్టి, మట్టి కుండల్లో ఉంచి, కొన్ని వారాల్లో కొన్నిసార్లు విషం తీస్తారు. పొట్ట మీది పొలుసుకు గుర్తు పెట్టి మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఈ విద్యలో ఆరితేరిన మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి అక్కడ బెడదగా మారిన కొండచిలువలను పట్టిచ్చారు. 2023లో వాళ్లకు పద్మశ్రీ దక్కింది.

పాములతో ఇంత చనువున్నవాళ్లు కూడా పనయ్యాక వాటిని అడవికే వదిలేస్తారు. కొత్తగా పెంపకం మొదలుపెట్టేవాళ్లు ఇది గమనించాలి. మన ఉడుము ఐదడుగులు దాటి పెరుగుతుంది. పగలంతా తిరుగుతూ, నాలుక చాచి వాసన పసిగడుతూ, మన్ను తవ్వుతూ తిండి వెతుక్కోవడమే దాని బతుకు. ఆడది పుట్టను తవ్వి గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి పుట్ట వెచ్చదనంలోనే ఉంటాయి. గాజు పెట్టెలో ఇంత నేల, ఇంత ఎండ ఎవరు అమర్చగలరు? బెదిరితే తోకతో కొరడాలా కొడుతుంది, కరిస్తే ఓ పట్టాన వదలదు. సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. మోజు మాత్రం అంతకాలం నిలవదు.

చట్టం సంగతి మరీ స్పష్టం. మన దేశంలోని నాలుగు రకాల ఉడుములూ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టినా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. తోలు కోసం, నడుము నొప్పికి మందన్న నమ్మకంతో, హత్థా జోడీ అనే పూజ వేరు పేరిట దాని మగ అవయవాన్ని ఎండబెట్టి అమ్మేందుకు ఇప్పటికే ఉడుములను చంపుతున్నారు. పెంపకం మోజు ఆ గిరాకీకి తోడు కాకూడదు.

సరీసృపాలంటే నిజంగా ఇష్టముంటే ముందు చూడటం నేర్చుకోండి. మదరాసు మొసళ్ల కేంద్రానికి వెళ్లండి. మీ ఊరి యానాది పెద్దను గురువుగా ఎంచి, ఆయన సమయానికి తగిన డబ్బిచ్చి, చెరువు కట్ట మీద జాడలు చూపించమని అడగండి. ఉడుము ఇంట్లో దూరితే కర్ర ఎత్తకుండా అటవీశాఖకు కబురు పెట్టండి. పిల్లల బడుల్లో, అటవీశాఖ కొలువుల్లో ఈ జాడ విద్యకు చోటివ్వాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిది.