అరిగిన బొటనవేలిని చదివే పెట్టె

అరకు లోయ కొండగూడేల్లో నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి చేతిలో ఒక ఫోను, దానికి తీగతో తగిలించిన అరచేతిలో పట్టే చిన్న పెట్టె కనబడతాయి. ఇంటి దగ్గరే పింఛను ఇవ్వడం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. మొదట్లో వాలంటీర్లు తెచ్చేవారు, 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది తెస్తున్నారు. వృద్ధుల పింఛను 4,000 రూపాయలు. గిరిజనులకు 50 ఏళ్లకే అర్హత. సంతలో ఉప్పు, పొగాకు, మోకాళ్ల నొప్పి మాత్రలు కొనుక్కోవడానికి కొడుకుని అడగక్కర్లేని అవ్వ ఇంట్లో మాట చెల్లుబాటు అవుతుంది. ఆ డబ్బు చేతికి రావాలంటే మామూలుగా ముందు ఆ పెట్టె వేలిముద్రను చదవాలి. అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

పైన గాజుపలక. దాని కింద పట్టకం, పక్కన సన్నటి దీపం, ఎదురుగా కెమెరా కన్ను. దీపం వెలుగు పట్టకంలోకి ఏటవాలుగా వెళ్లి, గాజు లోపలి ముఖానికి తగిలి, అద్దంలోలా పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. వేలు పెట్టగానే చర్మపు గట్లు గాజుకు అంటుకున్న చోట వెలుగు తిరిగి రాదు, చర్మంలోకి జారిపోతుంది. గట్ల మధ్య గాలి ఉన్న చోట మాత్రం మామూలుగానే తిరిగొస్తుంది. కెమెరాకు గట్లు నల్లగా, సందులు తెల్లగా కనబడతాయి. సిరా లేదు, కాగితం లేదు. గట్టుకీ గట్టుకీ ఎడం సుమారు అర మిల్లీమీటరు. కెమెరా అంగుళానికి 500 చుక్కల చొప్పున తీస్తుంది కాబట్టి ఆ అర మిల్లీమీటరులో దాదాపు పది చుక్కలు పడతాయి. గట్టు ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుగా చీలిందో తెలియడానికి అవి చాలు.

ముసలి వేలితోనే చిక్కు. ఏళ్ల తరబడి కాఫీ పళ్లు కోసి, పసుపు తవ్వి, పోడు నరికిన చేతుల్లో గట్లు అరిగి పల్చబడతాయి. వయసుతో చెమట తగ్గి చర్మం ఎండుతుంది. ఎండిన గట్టుకీ గాజుకీ మధ్య సన్నటి గాలిపొర మిగిలి, వెలుగు జారిపోవాల్సిన చోట కూడా తిరిగొచ్చేస్తుంది. గీత ముక్కలుముక్కలుగా కనబడుతుంది. ‘ముద్ర పడటం లేదు’ అంటే చాలాసార్లు జరిగేది ఇదే. తడిగుడ్డతో వేలు తుడిచి మళ్లీ పెట్టించడం మంత్రం కాదు. ఆ తేమ గాలిపొరను పూడ్చి వెలుగుకు దారి ఇస్తుంది.

మిగిలిన లోపాలను ప్రోగ్రాము సరిచేస్తుంది. పెట్టెలోని అసలు నేర్పు ఇక్కడుందని నా అభిప్రాయం. అది ఒక్కో గీతను విడిగా నమ్మదు. చుట్టుపక్కల గీతలు ఎటు సాగుతున్నాయో ముందు లెక్కగట్టి, ఆ వాలును బట్టి తెగిన చోటును కలుపుతుంది. కొండవాలు మడిగట్టు వానకు కొంత కొట్టుకుపోయినా, పైగట్టునూ కిందిగట్టునూ చూసి రైతు దాని వంపు చెప్పేస్తాడే, అలాగ. గీతలకు అడ్డంగా పడిన ముడతలను అదే లెక్కతో పక్కన పెడుతుంది. ఇంత చేశాక దొరికిన చీలికలు, కొసలు, వాటి దిశలు, వాటి మధ్య దూరాలే సరిపోల్చడానికి ఆధారం.

వేలు మొత్తానికి మొండికేస్తే కన్ను ఉంది. కంటిపాప చుట్టూ ఉన్న గోధుమరంగు వలయాన్ని ఐరిస్ అంటారు. దాని అల్లిక పుట్టకముందే ఏర్పడుతుంది. కంటి ముందుపొర ఆ అల్లికకు కాపలా, ఏ కొడవలీ దాన్ని అరగదీయదు. మన నల్లటి కళ్లలోని రంగు మామూలు వెలుగును మింగేసి ఆ అల్లికను దాచేస్తుంది. అందుకని యంత్రం మన కంటికి ఆనని పరారుణ కాంతి వాడుతుంది. ఆ కాంతిలో రంగు అడ్డురాదు, అల్లిక బయటపడుతుంది. శుక్లం పట్టేది ఈ వలయానికి వెనకున్న కటకానికి. కాబట్టి తాతకు ఎదుటి మనిషి మసకగా కనబడుతున్నా, ఆయన్ను యంత్రం గుర్తుపట్టగలదు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ 1990 దశకంలో రూపొందించిన పద్ధతిలో ఈ అల్లికంతా 2048 సున్నా, ఒకట్ల వరుసగా మారిపోతుంది.

తీసిన ముద్రను రహస్య సంకేతంగా మార్చి తాళం వేయకుండా ఎక్కడికీ పంపరు. ఎల్‌1 అనే కొత్త రకం పెట్టెల్లో తాళం వేసే పనంతా పెట్టె లోపలే జరుగుతుంది. పాత ఎల్‌0 రకంలో ఆ పని ఫోను చేసేది. తాళంతో పాటు తీసిన సమయం కూడా చేరుతుంది కాబట్టి నిన్నటి ముద్రను ఇవాళ మళ్లీ పంపడం కుదరదు. ఆధార్ సర్వర్లలో దాన్ని కోట్లమందితో పోల్చరు. ఇచ్చిన ఆధార్ నంబరుకు చెందిన ఒక్క మనిషితోనే పోల్చి, అవునో కాదో చెబుతారు.

ఆ ఒక్క మాట రావడానికి సిగ్నల్ కావాలి. 2023 జూన్‌లో ఒకేసారి 100 టవర్లు ప్రారంభమైతే వాటిలో ఎక్కువ అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. అయినా లోయ అడుగున కొండ చాటుకుపోయిన గూడేలున్నాయి. అక్కడ పింఛనుదారుణ్ని సిగ్నల్ అందే గట్టు దాకా నడిపించాలి, నడవలేకపోతే డోలీలో మోయాలి. అరిగిన వేలికి ఇంత జాగ్రత్త పడ్డ వ్యవస్థ అరిగిన మోకాలిని మరిచిపోయింది. ముద్రను అక్కడికక్కడే సరిచూసి, సిగ్నల్ దొరికాక వివరాలు పంపే ఏర్పాటు ఈ గూడేలకు ముందుగా రావాలి.

ఈలోపు మీ ఇంటి పెద్దలకు ముద్ర పడకపోతే బొటనవేలి దగ్గరే ఆగిపోకండి. పది వేళ్లూ పెట్టించి చూడండి, ఏది బాగా పడుతుందో గుర్తుపెట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో పాటు ఐరిస్‌ను కూడా కొత్తగా తీయించండి.