అలవాటుకు సాక్షులు కావాలి

మనిషి ముందు తన ఆలోచనను మార్చుకుంటాడని, ఆ తరువాతే అతని నడవడి మారుతుందని లోకంలో సాధారణంగా చెప్పుకుంటారు. నీతిబోధలు, ఉపన్యాసాలు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చాలావరకు ఈ నమ్మకం మీదనే నడుస్తాయి. అయితే తెలుగు పల్లెల్లో మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న ఒక చిన్న ఆచరణను దగ్గరగా పరిశీలిస్తే, ఈ క్రమం తరచు తిరగబడుతుందని అర్థమవుతుంది. నిర్ణీత దినాన, నలుగురి ఎదుట, పుస్తకంలో రాసుకుంటూ చేసే ఒక స్వల్పమైన పని ఏళ్ల తరబడి తప్పకుండా జరిగినప్పుడు, ఆ పని చేసే మనిషి తనను గురించి తాను తలపోసే తీరే మారిపోతుంది. ఆ ఆచరణ పొదుపు. దానిని నిలబెట్టినవి జనం వాడుకలో డ్వాక్రా గ్రూపులని పిలిచే మహిళా సంఘాలు.

అలవాటు అంటే ఏమిటో ముందుగా స్పష్టం చేసుకోవాలి. ఒక సందర్భం ఎదురైనప్పుడు ప్రత్యేకంగా ఆలోచించకుండానే, దానితో ముడిపడిన పని దానంతటదే జరిగిపోయే స్థితిని అలవాటు అంటారు. అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో అలవాటుకు ఒక అధ్యాయమే కేటాయించి, నిత్యకృత్యాల భారాన్ని అలవాటుకు అప్పగించిన మనసుకు పైస్థాయి పనులకు తీరిక దొరుకుతుందని, కొత్త అలవాటు వేళ్లూనుకునే దాకా ఒక్క మినహాయింపునైనా ఇవ్వరాదని వాదించాడు. 96 మంది పాల్గొన్న ఒక అధ్యయనాన్ని లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించింది. ఒక కొత్త పని అప్రయత్నంగా సాగే స్థితికి చేరడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని, నడిమి లెక్క 66 రోజులని ఆ బృందం తేల్చింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని కూడా ఆ అధ్యయనంలో వెల్లడైంది. జేమ్స్ చూపిన పట్టుదల, లాలీ బృందం చూపిన వెసులుబాటు పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, ఆ రెండింటికీ ఒకేచోట తావిచ్చిన ఏర్పాటును పొదుపు సంఘాల నియమావళిలో చూడవచ్చు.

ఈ సంఘాల కథ మంచి అలవాటుతో కాక చెడ్డ అలవాటుతో మొదలవుతుంది. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపి పల్లెలకు చేరవేసింది. సరుకు గుమ్మం దాకా వచ్చినప్పుడు తాగుడు పండగకో పబ్బానికో పరిమితం కాదు. పని ముగించుకొని ఇంటికి వెళ్లే దారిలోనే దుకాణం ఉంటే, ఆ దారిన నడవడమే తాగడానికి సంకేతమవుతుంది. కూలి డబ్బులు చేతికందిన సాయంత్రమే కరిగిపోవడం ఆ విధంగా ఒక్క మగవాడి బలహీనతగా మిగలక ఊరి దినచర్యగా మారింది. మనిషి అలవాట్లను అతని సంకల్పం ఎంత నిర్ణయిస్తుందో, అతని పరిసరాలు అంతకు తక్కువ కాకుండా నిర్ణయిస్తాయనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1990 తరువాత నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్లో ఆడవారిని ఒకచోట కూర్చోబెట్టింది. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకున్న ఆ స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథను చదువుతూ, తాగుబోతు భర్తతో ఆమె పడిన బాధలో తమ ఇళ్లను గుర్తించారు. కలిగిరి మండలంలోని దూబగుంటలో సారా బండ్లను ఊరిలోకి రానివ్వకుండా ఆడవారు అడ్డుకున్నారు. అలా అడ్డుకున్నవారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1992లో ఉద్యమం జిల్లా ఎల్లలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో అది సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది; ఆ ఉద్యమం వెంబడే పుట్టిన పొదుపు అలవాటు మాత్రం ఆ చట్టం కన్నా ఎక్కువ కాలం బతికి, నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా కొనసాగుతున్నది. అలవాట్ల మీద ఆసక్తి గలవారు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే.

సారా మానితే మిగిలే డబ్బు ఏమవుతుందన్న ప్రశ్నకు నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ పేరుతో వచ్చిన జవాబు చాలా సరళమైనది: రోజుకో రూపాయి దాచాలి. అంటే ఒక సభ్యురాలికి నెలకు 30 రూపాయలు. 15 మంది ఉన్న సంఘానికి నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. ఆర్థికవేత్త దృష్టిలో ఇది లెక్కలోకి రాని మొత్తం. అయితే ఆ రోజుల్లో దినకూలి మీద బతికే ఇంటికి కూడా రోజుకో రూపాయి తీయడం అసాధ్యం కాదు, అలాగని తీసినట్టే తెలియనంత తేలికా కాదు. కొత్తగా మొదలుపెట్టే ఏ అలవాటుకైనా ఈ కొలతే సరైనది. మరీ పెద్ద నియమం పెట్టుకున్నవారు వారం తిరగకముందే వదిలేస్తారు, బొత్తిగా శ్రమలేని నియమం పెట్టుకున్నవారికి దాని మీద గౌరవం నిలవదు. గ్రామీణ స్త్రీ శిశు అభివృద్ధికి కేంద్రం 1982లో తెచ్చిన డ్వాక్రా పథకం అంతకుముందే ఉన్నప్పటికీ, దానికి తెలుగునాట జీవం పోసింది ఈ రూపాయి నియమమే.

సంఘం పనితీరును కాస్త దగ్గరగా చూడాలి. పది పదిహేను మంది ఆడవారు ఒక నిర్ణీత దినాన, ఒక నిర్ణీత వేళకు, ఒకరింటి వసారాలోనో రచ్చబండ దగ్గరో చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. గుండ్రంగా కూర్చోవడంలో ఒక అర్థముంది. అక్కడ వెనక వరస ఉండదు, ముఖం చాటేసే వీలుండదు. ముందు హాజరు పిలుస్తారు, తరువాత గత సమావేశంలో చేసిన తీర్మానాలను పైకి చదువుతారు. ఒక్కొక్కరు తమ పొదుపును, అప్పు తీసుకున్నవారు తమ కంతును అందరి ఎదుట చాప మీద పెడతారు. ఎవరు ఎంత కట్టారో గట్టిగా చెప్పి, సభ్యురాలి పాసుపుస్తకంలోనూ సంఘం పద్దుల పుస్తకంలోనూ ఒకేసారి రాస్తారు. ఆపైన ఎవరికి అప్పు కావాలో, దేనికి కావాలో, ఎన్ని నెలల్లో తీరుస్తారో చర్చకు వస్తుంది. బిడ్డ జ్వరానికి అడిగినవారిని, గేదె కొనడానికి అడిగినవారిని పక్కపక్కన పెట్టి, ఎవరి అవసరం ముందో సంఘమే తేలుస్తుంది. చివరికి తీర్మానం రాసి అందరూ సంతకాలు చేస్తారు. రానివారికి, ఆలస్యంగా వచ్చినవారికి చిన్న జరిమానా ఉంటుంది. అది కట్టి మళ్లీ చాప మీద కూర్చోవచ్చు. తప్పినవారిని తప్పు చేసినట్టు గుర్తుచేస్తూనే బయటికి పంపకుండా లోపలికి తెచ్చుకునే ఈ జరిమానాలోనే, జేమ్స్ కోరిన కట్టుబాటు, లాలీ బృందం గమనించిన సడలింపు రెండూ ఉన్నాయి.

ఈ పనుల సారాన్ని సంఘాలవారు పంచసూత్రాలని పిలుస్తారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాల నిర్వహణ. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా దేశమంతటా సంఘాల నాణ్యతను ఈ అయిదింటితోనే కొలుస్తున్నది. ఈ సూత్రాల్లో ధనవంతులు కావాలనీ, ధైర్యవంతులు కావాలనీ ఎక్కడా లేదు. సంకల్పబలం గురించి, సానుకూల దృక్పథం గురించి ఒక్క మాటా లేదు. అయిదూ చేతులతో చేసే పనులే, చేశారో లేదో పుస్తకం తెరిచి చూసి చెప్పగలిగే పనులే. దృక్పథం మారడమన్నది ఈ అయిదింటి ఫలితంగా, ఎవరూ పిలవకుండానే వచ్చింది.

అది ఎలా వచ్చిందో చూడడం కష్టం కాదు. వెయ్యి రూపాయల అప్పు మీద వడ్డీ వ్యాపారి నూటికి నెలకు అయిదు రూపాయలు తీసుకుంటే నెలకు 50 రూపాయలు ఊరి షావుకారుకు చేరతాయి. సంఘం నూటికి రెండు రూపాయలు తీసుకుంటే ఆ 20 రూపాయలు కూడా అప్పు తీసుకున్న స్త్రీకి వాటా ఉన్న నిధిలోకే చేరతాయి. వడ్డీ కట్టే చేయి, వడ్డీ పుచ్చుకునే చేయి ఒకటే అయినప్పుడు అప్పు మీద మనిషికి ఉండే భయం సడలుతుంది. వేలిముద్ర వేసిన స్త్రీ తీర్మానాల పుస్తకం కోసం సంతకం నేర్చుకుంటుంది, సంతకం నేర్చినవారు బ్యాంకు కౌంటరు దాకా వెళతారు, పదిమందిలో అప్పు అడగడానికి నోరు తెరిచినవారు గ్రామసభలో నీటి కుళాయి గురించి అడగడానికి వెనకాడరు. 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు రుణాల అనుసంధానాన్ని మొదలుపెట్టినప్పుడు, ఆస్తి తాకట్టు లేని ఈ స్త్రీలను నమ్మడానికి బ్యాంకులకు దొరికిన ఆధారం వారు క్రమంగా పొదుపు చేసిన చరిత్ర, ఆ పుస్తకాల్లోని అంకెలే. అలవాటు ఆ విధంగా తాకట్టు పెట్టదగిన ఆస్తి అయింది.

ఇదే ఆచరణకు మరో ముఖం కూడా ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సూక్ష్మరుణ కంపెనీలు విస్తరించి, ఇదే పద్ధతిలో ఆడవారిని వారం వారం కూర్చోబెట్టి కంతులు వసూలు చేశాయి. చాప అదే, గుండ్రంగా కూర్చోవడం అదే, తోటివారి సాక్ష్యమూ అదే. అయితే అక్కడ పొదుపు లేదు, చర్చ లేదు, ఎవరికి ఎంత అప్పివ్వాలో తేల్చే అధికారం ఆ స్త్రీలకు లేదు. కట్టలేనివారికి అండగా నిలవవలసిన తోటి సభ్యులనే వారి మీదికి వసూలుదార్లుగా పంపిన ఆ ఏర్పాటు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సాక్షులు ఉంటేనే అలవాటు నిలుస్తుందన్న మాట ఎంత నిజమో, ఆ సాక్షులు మనిషి మేలు కోరేవారై ఉండాలన్న మాట అంతే నిజం. నలుగురి చూపు సిగ్గును మాత్రమే పుట్టిస్తే అలవాటు శిక్షగా మారుతుంది.

రెండవ ప్రమాదం ఇంత భయంకరమైనది కాకపోయినా ఇంతకన్నా విస్తృతమైనది. సమావేశం జరగకుండానే పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవడం, నాలుగు నెలల తీర్మానాలు ఒకే రోజు కూర్చుని రాయడం, బ్యాంకు రుణం వచ్చే ముందు మాత్రమే అందరూ కలవడం సంఘాల గురించి తెలిసినవారికి కొత్త సంగతులు కావు. ఇప్పుడు పొదుపు డబ్బు ఫోనులోనే పంపవచ్చు గనుక కూర్చోవడం దండగ అనిపించడం కూడా సహజమే. డబ్బు జమ అవుతూనే ఉంటుంది, లెక్క సరిపోతూనే ఉంటుంది. కాని ఒకరి కష్టం మరొకరికి తెలిసే ఆ గంటసేపు మాయమైపోతుంది. పని మిగిలి, ఆ పనిని అర్థవంతం చేసిన సందర్భం పోయినప్పుడు దానిని మొక్కుబడి అంటారు. మొక్కుబడికి, అలవాటుకు బయటి రూపం ఒకటే కావడం వల్ల ఒకటి రెండోదిగా మారిన క్షణాన్ని గుర్తించడం కష్టం. అందుకే పుస్తకంలో సంతకాలు ఉన్నాయా అని కాక, ఆ సంతకాలు చేసినవారు ఒకరినొకరు ఎప్పుడు చూసుకున్నారని అడగాలి.

ఈ అనుభవంలో సంఘంలో లేనివారికి, పట్నాల్లో ఒంటరిగా తమ జీవితాలను సరిదిద్దుకోవాలనుకునేవారికి కూడా పనికివచ్చే జ్ఞానముంది. తెల్లవారుజామున నడవాలనుకునేవారు, రోజుకు నాలుగు పేజీలు చదవాలనుకునేవారు, కోపం తగ్గించుకోవాలనుకునేవారు, సిగరెట్టు మానాలనుకునేవారు కొత్త సంవత్సరం నాడో పుట్టినరోజు నాడో నిశ్చయం చేసుకొని, కొద్దివారాల్లో అది జారిపోగానే తమ సంకల్పమే బలహీనమైనదని నిందించుకుంటారు. వారిలో లోపించింది చాలాసార్లు సంకల్పం కాదు, దానికి కావలసిన ఏర్పాటు. పని ఎప్పుడు చేయాలో ముందే నిర్ణయమై ఉండాలి, ఎంత చేయాలో మోయగలిగినంతగా ఉండాలి, చేసినది ఒకచోట రాసి ఉండాలి, ఆ రాత చూసి ఇవాళ ఏమైందని ఆప్యాయంగా అడిగే మనిషి ఒకరైనా ఉండాలి. ఇంట్లో తండ్రీకూతుళ్లు కలిసి నడవడం, ఇద్దరు మిత్రులు ఒకే పుస్తకాన్ని వారం వారం చదివి మాట్లాడుకోవడం, భార్యాభర్తలు రాత్రి భోజనం తరువాత ఆనాటి ఖర్చులు కలిసి రాసుకోవడం ఈ ఏర్పాటుకు చాలు. తప్పిన రోజు గురించి బాధపడుతూ కూర్చోక, జరిమానా కట్టి చాప మీదికి తిరిగి వచ్చిన సభ్యురాలిలాగా మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి.

చదువు లేదని, ఆస్తి లేదని, నోరు లేదని సమాజం లెక్కలోంచి తీసేసిన స్త్రీలు ఒక రూపాయిని, ఒక పుస్తకాన్ని, వారంలో ఒక గంటను పట్టుకొని తమ బతుకులకు కొత్త దారి వేసుకున్నారు. వారు ముందు ధైర్యం తెచ్చుకొని తరువాత సంఘం పెట్టలేదు. సంఘంలో కూర్చోగా కూర్చోగా ధైర్యం వచ్చింది. కనుక తమ తీరు మార్చుకోవాలని నిజంగా కోరుకునే పాఠకులు మనసు మారే దాకా వేచి ఉండనవసరం లేదు. ఒక చిన్న పనిని, ఒక వేళను, ఒక నోటుపుస్తకాన్ని, మేలుకోరే ఒక తోడును ఈ వారంలోనే ఎంచుకోవాలి.