ఒక్క మైలుకి రెండు అధ్యాయాలు

అమెరికా నగరాల రాజకీయం గురించి, ఇళ్ల సమస్య గురించి మాట్లాడేవాళ్లు యాభై ఏళ్లు దాటినా పక్కన పెట్టలేని పుస్తకం రాబర్ట్ కేరో రాసిన ‘ది పవర్ బ్రోకర్’. 1974లో వచ్చింది. మరుసటి ఏడాదే పులిట్జర్ బహుమతి అందుకుంది. పన్నెండు వందల పేజీలు దాటిన ఈ జీవితచరిత్ర రాబర్ట్ మోజెస్‌ది. ఒక్క ఎన్నిక కూడా గెలవకుండా, నలభై ఏళ్లకు పైగా న్యూయార్క్ రోడ్లూ వంతెనలూ పార్కులూ తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషి ఆయన. 1934లో గవర్నర్ పదవికి పోటీచేసి చిత్తుగా ఓడిపోయారు. అయినా ఆయన కుర్చీ కదల్లేదు. డెమోక్రాట్లు వచ్చారు, రిపబ్లికన్లు వచ్చారు, మేయర్లు మారారు, ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నారు.

అదెలా సాధ్యమైందో చెప్పడంలో కేరో మొదటి నేర్పు కనిపిస్తుంది. కీలకం మోజెస్ నడిపిన ట్రైబరో వంతెన అథారిటీ. టోల్ డబ్బు దానికే వచ్చేది, ఆ రాబడి చూపించి అది బాండ్లు అమ్మేది. అథారిటీ అధికారాలను మోజెస్ ఆ బాండ్ల ఒప్పందాల్లోనే రాయించారు. ఒప్పందాలను దెబ్బతీసే చట్టం ఏ రాష్ట్రమూ చేయకూడదని అమెరికా రాజ్యాంగం అంటుంది. అంటే మోజెస్ అధికారానికి కత్తెర వేయాలంటే బాండ్లు కొన్నవాళ్లకి ఇచ్చిన మాట తప్పాలి. పైగా ఆ డబ్బు బీమా ప్రీమియంలుగా, లాయర్ల ఫీజులుగా రెండు పార్టీల పెద్దలకీ అందుతుండేది. చదువుతుంటే నిద్ర రావాల్సిన విషయం ఇది. కేరో దీన్ని ముడి తర్వాత ముడి విప్పుతూ అపరాధ పరిశోధనలా నడిపిస్తారు. పార్టీల ఎత్తుగడలు వేదికల మీద కన్నా ఇలాంటి కాగితాల్లోనే ఎక్కువ నడుస్తాయని ఆ పేజీలు చదివాక ఎవరూ చెప్పనక్కర్లేదు.

పనితనం శిఖరానికి చేరేది మాత్రం ‘వన్ మైల్’ అధ్యాయంలో. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే న్యూయార్క్‌లో మోజెస్ వేయించిన ఏడు మైళ్ల రోడ్డు. న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్లు జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటి కనెటికట్ వెళ్లేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని విసుక్కునేది ఆ రోడ్డు మీదే. ఆ అధ్యాయానికి ముందే కేరో దాన్ని మనసారా మెచ్చుకుంటారు. 113 వీధులు, నేల కింద మురుగు గొట్టాలు, నీటి గొట్టాలు, ఒక సబ్‌వే, రైలు పట్టాలు, ఇన్నిటిని దాటుకుంటూ, ఊరు నడుస్తుండగానే, బండరాయిని తొలిచి దారి వేసిన ఇంజనీర్ల సాహసాన్ని వరసపెట్టి చెబుతారు. మనం ఔరా అనుకుంటున్నప్పుడే ఆయన ఈస్ట్ ట్రెమాంట్ అనే పేట దగ్గర ఆగిపోతారు. ఇక అక్కణ్ణుంచి కదలరు.

అది బట్టల పరిశ్రమలో పనిచేసే యూదు కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేట. అద్దె అందుబాటులో ఉంది, గదులు విశాలం, పక్కనే క్రోటోనా పార్కు. 1952 డిసెంబర్ 4న అక్కడి వాళ్లకి మోజెస్ సంతకంతో ఉత్తరాలొచ్చాయి, 90 రోజుల్లో ఖాళీ చేయాలని. ఆ ఒక్క మైలు కోసం పోయేవి 54 అపార్ట్‌మెంట్ భవనాలు, 1,530 ఇళ్లు. రోడ్డును రెండు వీధులు దక్షిణానికి జరిపి పార్కు అంచున తీసుకెళ్తే పోయేవి ఆరు చిన్న భవనాలే. ఈ లెక్క ఒక్కటే చెప్పి కేరో ఊరుకుని ఉంటే మనకి కోపం వచ్చి పోయేది. ఆయన అలా చేయరు. ఆ గదుల్లోకి, పార్కు బెంచీల దగ్గరికి మనల్ని తీసుకెళ్తారు. గృహిణులు ఇంజనీర్లను పట్టుకుని ప్రత్యామ్నాయ మార్గం గీయించడం, ఎన్నికల ముందు మాటిచ్చిన నాయకులు గెలిచాక జారుకోవడం ఒక్కొక్కటీ చూపిస్తారు. ఆ తర్వాత 1,530 అంకె కాదు, మనకి తెలిసిన ఇళ్లు.

రోడ్డు పడ్డాక ఏమైందో చెప్పడానికి ఇంకో అధ్యాయం. చెల్లాచెదురైన వాళ్లను కేరో ఏళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. ఎవరిని కదిపినా ఒంటరితనం గురించే చెప్పారట. మొత్తం పుస్తకానికి 522 మందిని ఇంటర్వ్యూ చేశారు. ఏడేళ్లు పట్టింది. మధ్యలో డబ్బు అయిపోతే ఆయన భార్య ఐనా కేరో ఇల్లు అమ్మేశారు. పుస్తకానికి పరిశోధనలో తోడున్నది కూడా ఆవిడే.

ఇప్పుడు అమెరికాలో వాదన మరోవైపు తిరిగింది. మోజెస్ మీద కోపంతో పెట్టుకున్న అడ్డుకట్టలే కొత్త ఇళ్లు కట్టనివ్వకుండా చేస్తున్నాయని డెమోక్రాట్లలోనే ఒక వర్గం అంటోంది. 2025లో ఎజ్రా క్లైన్, డెరెక్ థాంప్సన్ రాసిన ‘అబండెన్స్’ ఆ వాదనకి ఊపునిచ్చింది. ఇళ్ల కొరత నిజం. అద్దెలు కట్టలేక ఊళ్లు వదిలిపోతున్నవాళ్లూ నిజం. అందుకే ‘వన్ మైల్’ ఇప్పుడు చదవాలి. కట్టవద్దని కేరో ఎక్కడా అనరు. ఈస్ట్ ట్రెమాంట్ వాళ్లు కూడా రోడ్డు వద్దనలేదు, రెండు వీధులు జరపమన్నారు. గీత ఎక్కడ గీశారు, దాన్ని జరపగలిగే అధికారం ఎవరికుంది, ఆ అధికారిని జనం దింపగలరా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన నగరం ఇళ్లూ కట్టగలదు, ఇళ్లలో ఉన్నవాళ్లనూ కాపాడుకోగలదు.