ఆదివారం ఆర్డరు

విశాఖ ఫ్యామిలీ కోర్టులో ఓ సాయిబు తన పిల్ల కోసం కేసు వేస్తే మా పత్రికలవాళ్లకి ముందు షరియత్ గుర్తొస్తుంది. నేనూ రాశాను అలాంటి వార్తలు. అక్కడ పనిచేసేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దాని కిందకి హిందువులూ వస్తారు. మా హనఫీల్లో హిజానత్ ఉంది: కొడుకు ఏడేళ్లదాకా, కూతురు ఈడేరేదాకా తల్లి దగ్గరే. అతహర్ హుస్సేన్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, పర్సనల్ లా కన్నా పిల్లల క్షేమమే పైమాట అంది.

మంచిదే. కానీ ఆ క్షేమం కాగితమ్మీదికి వచ్చేసరికి ఆదివారం ఇన్ని గంటలని తేలుతుంది. స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌కి ఆదివారం లేదు. రేవులో ఓడకీ లేదు. రాత్రి షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చిన అబ్బాకి తలుపు తియ్యకపోతే అమ్మీది ధిక్కారం. అసలు రాకపోతే అబ్బాది నిర్లక్ష్యం. 1971 చట్టం కావాలని మీరితేనే ధిక్కారమంటుంది. నిద్రని కావాలని చేసిందంటామా? (ఏ షిఫ్టో అడిగి ఆర్డరు రాయొచ్చుగా!)

తలాక్ మీద అన్ని వ్యాసాలు రాసిన సెక్యులర్ మిత్రులు దీని మీద రాసింది నాకు కనబడలేదు. మా ముల్లాలు మాట్లాడిందీ వినబడలేదు. పిటిషన్లు రెండు పక్కలా పడుతూనే ఉంటాయి. కొత్త బట్టలేసుకుని గడపలో కూచున్న పిల్ల ఎంతసేపు చూసిందో ఏ పిటిషన్లోనూ ఉండదు.