కెప్లర్-452బి, కెప్లర్-78బి: పేరు దానిది, రుజువు దీనిది

2015 జూలైలో నాసా కెప్లర్-452బిని ప్రకటించగానే పత్రికలు దాన్ని రెండో భూమిగా ఎత్తుకున్నాయి. సూర్యుడిలాంటి నక్షత్రం, 385 రోజుల ఏడాది, నీరు నీరుగా నిలవగలిగే దూరం. ఇంకేం కావాలి? అంతకు రెండేళ్ల ముందే వెలుగుచూసిన కెప్లర్-78బికి ఆ భాగ్యం దక్కలేదు. సూర్యుడికన్నా కాస్త చిన్న నక్షత్రాన్ని ఎనిమిదిన్నర గంటల్లో చుట్టేస్తుంది. అక్కడ రాయి కూడా కరిగిపోయేంత వేడి. అయినా నా ఓటు దీనికే.

రెండింటినీ పట్టిచ్చింది కెప్లర్ టెలిస్కోపే. గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రపు వెలుగు తగ్గేది రెండు చోట్లా పదివేలలో రెండు వంతులే. కాకపోతే 78బి అలా వేలసార్లు అడ్డొచ్చింది, 452బి నాలుగేళ్లలో నాలుగే సార్లు. ఇంత తక్కువ ఆధారంతో అది పరికరంలోని రొద కాదని గట్టిగా చెప్పలేమని 2018లో ఫెర్గల్ ముల్లల్లీ బృందం తేల్చింది. గ్రహం లేదని వాళ్లు అనలేదు, ఉందనడానికి రుజువు చాలదన్నారు. దాని ద్రవ్యరాశిని ఎవరూ కొలవలేదు. వ్యాసంలో భూమికి 1.6 రెట్లున్న ఆ గోళం రాతిదో, దట్టమైన వాయువులు కప్పుకున్నదో తెలియదు.

78బి కథలో నన్ను కట్టిపడేసేది ఆ ద్రవ్యరాశి కొలతే. గ్రహం లాగుడుకు నక్షత్రం ఎంత వేగంగా ఊగుతుందో చూసి ద్రవ్యరాశిని లెక్కకడతారు. ఇక్కడ ఆ వేగం సెకనుకు రెండు మీటర్ల లోపు, అంటే మనిషి నడక వేగమంత. పైగా ఆ నక్షత్రం నిండా మచ్చలు, అవీ అలాంటి ఊగిసలాటనే చూపిస్తాయి. అయితే మచ్చల ప్రభావం పన్నెండున్నర రోజుల భ్రమణంతో మెల్లగా మారుతుంది, గ్రహం లాగుడు ఒక్క రాత్రిలోనే తేడా చూపిస్తుంది. ఆ తేడాను ఆసరా చేసుకుని హవాయిలోని కెక్ టెలిస్కోపుతో ఆండ్రూ హోవర్డ్ బృందం, లా పాల్మాలోని హార్ప్స్-ఎన్ పరికరంతో ఫ్రాన్సెస్కో పెపే బృందం విడివిడిగా లెక్కకట్టాయి. ఒకరికి భూమికి 1.69 రెట్లు వచ్చింది, ఇంకొకరికి 1.86. రెండూ పొరపాటు అంచుల్లో కలిసిపోయే అంకెలే. సాంద్రత భూమికి దగ్గరగా తేలింది కాబట్టి అది రాయీ ఇనుమూ కలిసిన గోళమని ధైర్యంగా చెప్పవచ్చు.

నక్షత్రాన్ని అంటుకుని తిరగడం 78బికి కలిసొచ్చిందన్నది నిజం. 452బిని వెతికినవారికి ఆ వెసులుబాటు లేదు, వారి శ్రమను తక్కువ చేయలేం. తప్పల్లా తేలని గ్రహానికి భూమి పేరు తగిలించిన ప్రచారానిది. ఈసారి ‘మరో భూమి’ వార్త చదివినప్పుడు, దాని ద్రవ్యరాశి కొలిచారా, ఇంకో బృందం సరిచూసిందా అన్నది ముందు చూడండి.