ఇంకెన్ని రోజులు సారూ?

పిల్లల వార్డులో తల్లులు నన్ను అడిగే మాట ఎప్పుడూ ఇదే. తొడ ఎముకలోనో మోకాటి కీలులోనో చీము పట్టిన పిల్లాడు, వాచిన చేతికి కాన్యులా, కూలిపని మానుకుని మంచం పక్కనే కూర్చున్న తల్లి. చదువుకునే రోజుల్లో మాకు నేర్పిన జవాబు నాలుగు నుంచి ఆరు వారాలు. అందులో ఎక్కువ భాగం నరంలోకి ఎక్కించే మందే.

ఆ జవాబు వెనకున్న భయం నిజమైనది. చీము ఒత్తిడికి ఎముకకు రక్తం అందదు. అందని ముక్క చచ్చిపోతుంది. అందులో దాగిన బాక్టీరియాను మందు చేరలేదు. ఏళ్ల తరబడి రసి కారే కాళ్లను చూశాను. కానీ ఆరు వారాలన్న అంకె రోగులను రెండు జట్లు చేసి, పోల్చి చూసి తేల్చింది కాదు. భయం కొద్దీ పెట్టుకున్న గడువు.

పోల్చి చూసే పని ఫిన్లాండ్‌లో హెయిక్కి పెల్టోలా బృందం చేసింది. కీళ్లలో చీము పట్టిన పిల్లల్లో కొందరికి 10 రోజులు, కొందరికి 30. ఎముక ఇన్ఫెక్షన్‌కైతే 20, 30. ఫలితాలు 2009, 2010లలో వచ్చాయి. తక్కువ రోజులు వాడినవాళ్లూ అంత బాగానే కోలుకున్నారు. నన్ను ఎక్కువ కదిలించింది ఇంకో సంగతి: నరంలోకి మందు ఇచ్చింది మొదటి రెండు నుంచి నాలుగు రోజులే. ఆపైన నోటి మందు, పెద్ద మోతాదులో, రోజుకు నాలుగుసార్లు. ఆపే ముందు వాళ్లు చూసుకున్నవి రెండు: లక్షణాలు తగ్గాయా, ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ రక్తంలో లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపుకు దిగిందా.

మన దగ్గర సూదిమందు మీద గురి ఎక్కువ. బిళ్లలిచ్చి ఇంటికి పొమ్మంటే వదిలించుకుంటున్నారనుకుంటారు. కానీ 2019లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న 1,054 మంది పెద్దవాళ్లున్నారు. మొదటి ఆరు వారాలు బిళ్లలు వాడినవాళ్లు నరంలోకి ఎక్కించుకున్నవాళ్లకు ఏమీ తీసిపోలేదు.

అయినా ఫిన్లాండ్ లెక్కను ఉన్నదున్నట్టు తెచ్చి మా వార్డులో పెట్టను. అక్కడి స్టెఫిలోకాకస్ మామూలు మందులకు లొంగే రకం. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి బెణికిందనుకుని పసరు కట్టు కట్టించేసరికే రోజులు గడిచిపోతాయి. కల్చర్‌లో మొండి రకం బయటపడుతుంది. పసికందులకూ సికిల్‌సెల్ ఉన్న పిల్లలకూ గడువు కుదించను. చీము లోపల మిగిలితే ఏ లెక్కా నిలవదు, ముందు దాన్ని తీసెయ్యాలి. కృత్రిమ కీళ్లున్న పెద్దవాళ్ల సంగతి మరీ వేరు. 2021లో వచ్చిన ఫ్రాన్స్ పరిశోధనలో ఆరు వారాలే వాడినవాళ్లలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ పోలేదు. పన్నెండు వారాలు వాడినవాళ్లలో అది 9.4 శాతం.

అందుకే ఆ తల్లికి తేదీ చెప్పను. "జ్వరం పోయి, బాబు కాలు ఆడిస్తూ, సీఆర్‌పీ దిగుతుంటే బిళ్లలకు మారుస్తానమ్మా. అంతా సవ్యంగా ఉంటే మొత్తం మూడు వారాలు" అంటాను. ఇంటికి పంపే రోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మందు వేళలు మళ్లీ మళ్లీ చెప్పిస్తాను. ఒక్క పూట కూడా తప్పకూడదు, రక్తపరీక్షకు రావాలి, జ్వరం తిరగబెడితే తెల్లారేదాకా ఆగకూడదు.